హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు ఎంత దూరం, ఎన్ని గంటలు? మీరే లెక్క వేసుకోండి

"హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు ఎన్ని గంటలండీ?" అని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేయక తప్పదు. ఏ గంటలు? విమానం గాల్లో ఉండే గంటలా? ఇక్కడి గేటు వదిలినప్పటి నుంచి అక్కడి గేటు చేరేదాకానా? మధ్యలో దుబాయ్‌లోనో లండన్‌లోనో కూర్చునే సమయం కూడా కలపాలా? ఈ మూడూ వేరు వేరు. ఇంటర్నెట్‌లో ఒకచోట 16 గంటలని, ఇంకోచోట 18 అని, టికెట్ మీద 23 అని ఉంటే కంగారు పడేది ఇందుకే.

అసలు ఈ రెండు ఊళ్ల మధ్య నాన్‌స్టాప్ విమానమే లేదు. 16, 18 అని చెప్పే వెబ్‌సైట్లు దూరాన్ని ఏదో ఒక వేగంతో భాగించి, లేని విమానానికి లెక్క చెబుతున్నాయి. ఆ అంకెను నమ్ముకుని అమ్మానాన్నల మందులు, భోజనాలు ప్లాన్ చేస్తే ఇబ్బందే. కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటే ఈ లెక్క ఎవరైనా వేయగలరు. డల్లాస్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. మీ ఊరు వేరైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

కావలసినవి

• మ్యాప్స్ యాప్ ఉన్న ఫోన్.
• సైన్, కొసైన్ మీటలున్న కాలిక్యులేటర్. చాలా ఫోన్లలో కాలిక్యులేటర్ తెరిచి అడ్డంగా తిప్పితే వస్తుంది. చేత్తో లెక్క వేయనివాళ్లకు ఇది అక్కర్లేదు.
• టికెట్, లేదా బుక్ చేయాలనుకుంటున్న విమానం టైమింగ్స్.

1. ఊరు కాదు, ఎయిర్‌పోర్ట్ ఖాయం చేసుకోండి

దూరం చెప్పే వెబ్‌సైట్లలో ఊరి పేరు కొట్టకండి, మూడక్షరాల ఎయిర్‌పోర్ట్ కోడ్ కొట్టండి. శంషాబాద్‌కు హెచ్‌వైడీ. డల్లాస్‌కు డీఎఫ్‌డబ్ల్యూ. అదే ఊళ్లో లవ్ ఫీల్డ్ అని ఇంకో ఎయిర్‌పోర్ట్ ఉంది, మన ప్రయాణానికి సంబంధం లేదు.

పేరుతో వెతికితే వచ్చే తిప్పలు తక్కువేమీ కాదు. పాకిస్తాన్ సింధ్‌లో కూడా ఒక హైదరాబాద్ ఉంది. కొన్ని సైట్లు పాత బేగంపేటను చూపిస్తాయి. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక ప్రయాణికుల విమానాలన్నీ అక్కడికే వెళ్లిపోయాయి. అమెరికా వైపు చూస్తే పోర్ట్‌లాండ్ ఆరెగాన్ రాష్ట్రంలోనూ మెయిన్ రాష్ట్రంలోనూ ఉంది. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లోనూ ఉంది, అలబామాలోనూ ఉంది. శాన్ హోసే కాలిఫోర్నియాలో ఒకటి, కోస్టారికాలో ఒకటి.

మీది గన్నవరమో విశాఖపట్నమో అయితే అక్కడి నుంచి డల్లాస్‌కు నేరుగా కొలవకండి. మొదట ఎక్కడికి వెళ్లి విమానం మారతారో ఆ ముక్కను విడిగా తీసుకోండి.

2. దూరం కొలవండి

ఇందుకు మూడు దారులున్నాయి. ఏదో ఒకటి చాలు.

సులువైనది: గూగుల్ మ్యాప్స్‌లో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మీద వేలు నొక్కిపట్టండి. కింద వచ్చే వాటిలో దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకుని, మ్యాప్‌ను అవతలి ఎయిర్‌పోర్ట్ దాకా జరపండి. కిలోమీటర్లు కనిపిస్తాయి. గీత వంకరగా వస్తే మ్యాప్ పాడైందనుకోకండి. గుండ్రటి భూమిని చదునుగా పరిచాం కాబట్టి, అసలు దగ్గరి దారి కాగితం మీద వంకరగా కనిపిస్తుంది. గోడ మీది మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిస్తే మాత్రం తప్పు సమాధానం వస్తుంది.

ఇంకొంచెం కచ్చితం కావాలంటే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే వెబ్‌సైట్‌లో రెండు కోడ్‌లు, మధ్యలో అడ్డగీతతో ఇవ్వండి. మైళ్లలో చూపిస్తోందా, కిలోమీటర్లలోనా అన్నది తప్పనిసరిగా చూడండి.

మూడోది చేత్తో లెక్క. శంషాబాద్ ఉత్తర అక్షాంశం 17.24, తూర్పు రేఖాంశం 78.43. డల్లాస్ ఉత్తర అక్షాంశం 32.90, పశ్చిమ రేఖాంశం 97.04. ఒకటి తూర్పు, ఒకటి పశ్చిమం కాబట్టి రేఖాంశాల తేడాకు రెండింటినీ కూడాలి: 175.47. ఇక ఇలా చేయండి.

• రెండు అక్షాంశాల సైన్‌లు గుణించండి: 0.2964 × 0.5432 = 0.1610
• రెండు అక్షాంశాల కొసైన్‌లు, రేఖాంశాల తేడా కొసైన్, ఈ మూడూ గుణించండి: 0.9551 × 0.8396 × (−0.9969) = −0.7994
• రెండూ కూడండి: −0.6384
• దాని ఇన్‌వర్స్ కొసైన్ (కాలిక్యులేటర్‌లో cos⁻¹ మీట) తీయండి: 129.67 డిగ్రీలు
• ఒక్కో డిగ్రీకి 111.2 కిలోమీటర్లు కాబట్టి 111.2తో గుణించండి: దాదాపు 14,420 కిలోమీటర్లు

భూమి పక్కా గోళం కాదు కాబట్టి వెబ్‌సైట్ అంకెకూ దీనికీ అరశాతం దాకా తేడా రావచ్చు. పట్టించుకోనక్కర్లేదు.

డల్లాస్ విషయంలో ఒక తమాషా ఉంది. రేఖాంశాల తేడా 180కి చాలా దగ్గర, అంటే అది మనకు భూగోళం అవతలి వైపున్న ఊరు. దగ్గరి దారి ఉత్తర ధ్రువానికి 500 కిలోమీటర్ల చిల్లర దూరం నుంచి పోతుంది. అందుకే ఒక చిట్కా పనిచేస్తుంది. 90 నుంచి ఒక్కో అక్షాంశం తీసేసి, వచ్చినవి కూడి, 111.2తో గుణించండి. 72.76 + 57.10 = 129.86. అంటే సుమారు 14,440. పెద్ద లెక్కకూ దీనికీ తేడా 20 కిలోమీటర్లే! కానీ ఈ చిట్కా అన్ని ఊళ్లకూ పనికిరాదు. శాన్‌ఫ్రాన్సిస్కోకు అసలు దూరం 13,540 అయితే, ఇది 13,900 దాటి చెబుతుంది. లండన్‌కైతే అసలు వాడకండి.

3. మధ్యలో ఆగే ఊరితో మళ్లీ కొలవండి

మీరు వెళ్లేది ఆ 14,420 దారిలో కాదు. ప్రతి ముక్కనూ విడిగా కొలిచి కూడాలి. కొలిస్తే ఇలా వస్తుంది.

• వయా దుబాయ్: 2,545 + 12,920 = సుమారు 15,460
• వయా లండన్: 7,750 + 7,630 = సుమారు 15,380
• వయా ఫ్రాంక్‌ఫర్ట్: 7,120 + 8,260 = సుమారు 15,380

"లండన్ మీదుగా అయితే చుట్టు తిరుగుడు కదా" అంటారు చాలామంది. చూశారుగా, మూడు దారులకూ వంద కిలోమీటర్ల తేడా కూడా లేదు. తేడా అంతా ముక్కలు ఎలా పడ్డాయన్న దాంట్లోనే. దుబాయ్ దారిలో చిన్న ముక్క ఒకటి, ఆపైన 16 గంటలు ఒకే సీట్లో. లండన్ దారిలో పదేసి గంటల రెండు ముక్కలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు నేనైతే రెండోదే చెబుతాను. పిల్లలు మధ్యలో లేవకుండా ఎక్కువసేపు నిద్రపోతే చాలు అనుకునేవాళ్లకు పొడవాటి ముక్కే నయం. మొత్తం గంటలు చూసి టికెట్ కొనేవాళ్లు ఈ విషయం చూడరు.

4. చుట్టుదారికి కొంత కలపండి

విమానం కొలిచిన గీత మీద పోదు. టేకాఫ్, ల్యాండింగ్ మలుపులు, మూసేసిన గగనతలాలు, తుపాన్లు, అన్నీ కలిసి దారిని పెంచుతాయి. మామూలుగా 5 శాతం కలిపితే సరిపోతుంది.

కొన్ని దారుల్లో 5 శాతం చాలదు. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తన గగనతలాన్ని యూరప్ విమానయాన సంస్థలకు, ఆ తర్వాత అమెరికా సంస్థలకు మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారత విమానాలకు మూసింది. దాంతో ఢిల్లీ నుంచి పశ్చిమానికి వెళ్లే మన సంస్థల విమానాలు దక్షిణంగా చుట్టు తిరగాల్సి వచ్చింది. అదే రోజు, అదే రెండు ఊళ్ల మధ్య, వేరే దేశపు విమానం తక్కువ సమయంలో చేరొచ్చు. ఇలాంటి దారులకు 10 శాతం కలపండి.

5. వేగంతో భాగించండి

3,000 కిలోమీటర్ల లోపు ముక్కలకు గంటకు 800, అంతకు మించితే 880 తీసుకోండి. వచ్చినదానికి నేల మీద మెల్లగా నడిచే సమయం, పైకెక్కే సమయం కలపాలి. చిన్న ముక్కకు 30 నిమిషాలు, పెద్దదానికి 40.

• హైదరాబాద్–దుబాయ్: 2,545కు 5 శాతం కలిపితే 2,672. 800తో భాగిస్తే 3 గంటల 20 నిమిషాలు. అరగంట కలిపితే 3 గంటల 50 నిమిషాలు.
• దుబాయ్–డల్లాస్: 12,920కు 5 శాతం కలిపితే 13,566. 880తో భాగిస్తే 15 గంటల 25 నిమిషాలు. 40 నిమిషాలు కలిపితే 16 గంటల 5 నిమిషాలు.

కాలిక్యులేటర్‌లో 15.42 అని కనిపిస్తే అది 15 గంటల 42 నిమిషాలు కాదు. చుక్క తర్వాతి భాగాన్ని 60తో గుణించండి, 25 నిమిషాలు వస్తుంది. లెక్కంతా సరిగ్గా చేసి చివర్లో ఇక్కడ పొరపడేవాళ్లు చాలామంది.

6. గాలిని లెక్కలోకి తీసుకోండి

చాలా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దీని జోరు ఎక్కువ. అందుకే పశ్చిమానికి వెళ్తుంటే ప్రతి పది గంటలకు ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు కలపండి, తూర్పుకు వస్తుంటే అంతే తీసేయండి. వెళ్లేటప్పుడు 16 గంటలు పట్టిందని, వచ్చేటప్పుడూ అంతే అనుకోకండి.

గాలి బలం ఎంతో చెప్పడానికి ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం మంచి ఉదాహరణ. ఎయిర్ ఇండియా దీన్ని 2015 డిసెంబర్‌లో మొదలుపెట్టి, మొదట అట్లాంటిక్ మీదుగా నడిపింది. 2016 అక్టోబర్‌లో పసిఫిక్ మీదుగా మార్చి చూసింది. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. వెనక నుంచి గాలి తోసినందువల్లే. దూరం తక్కువైతే సమయం తక్కువ అనే నమ్మకం ఇక్కడ చెల్లదు.

7. టికెట్ మీది టైమింగ్స్‌తో సరిచూడండి

టికెట్ మీద ప్రతి సమయం ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. అన్నీ భారత సమయంలోకి మార్చుకుంటే తల తిరగదు. తేడాలు ఇవి:

• దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, ఏడాది పొడవునా.
• లండన్ చలికాలంలో ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు వెనక.
• డల్లాస్ చలికాలంలో పదకొండున్నర, వేసవిలో పదిన్నర గంటలు వెనక.
• శాన్‌ఫ్రాన్సిస్కో చలికాలంలో పదమూడున్నర, వేసవిలో పన్నెండున్నర గంటలు వెనక.

అమెరికాలో గడియారం మార్చేది మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం. బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. మధ్యలో ఉండే ఆ వారాల్లో లండన్‌కూ డల్లాస్‌కూ మధ్య తేడా కూడా మారిపోతుంది, జాగ్రత్త. ఫీనిక్స్ ఉన్న అరిజోనాలో దాదాపు ఎక్కడా గడియారం మార్చరు.

ఇప్పుడు జూలై నెల టికెట్ ఒకటి ఇలా ఉందనుకోండి. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:20కి బయల్దేరి దుబాయ్‌కి 6:40. అక్కడ 9:30కి బయల్దేరి డల్లాస్‌కు సాయంత్రం 4:40, అదే తేదీ.

దుబాయ్ 6:40 అంటే మనకు 8:10. మొదటి ముక్క 3 గంటల 50 నిమిషాలు. మధ్యలో ఆగింది 2 గంటల 50 నిమిషాలు, ఇక్కడ రెండు సమయాలూ దుబాయ్‌వే కాబట్టి మార్చనక్కర్లేదు. డల్లాస్ సాయంత్రం 4:40కి పదిన్నర గంటలు కలిపితే మనకు మర్నాడు తెల్లవారుజామున 3:10. దుబాయ్ 9:30 మనకు ఉదయం 11:00. అంటే రెండో ముక్క 16 గంటల 10 నిమిషాలు. మూడూ కూడితే 22 గంటల 50 నిమిషాలు.

సరిచూసుకోవడం సులువు. బయల్దేరింది మన సమయం 4:20, చేరింది మర్నాడు 3:10. మధ్యలో 22 గంటల 50 నిమిషాలే. సరిపోయింది.

గడియారాన్ని మాత్రమే చూస్తే తెల్లవారుజామున బయల్దేరి అదే సాయంత్రం దిగినట్టుంది, పన్నెండు గంటల ప్రయాణంలా. వేళకు మందులు వేసుకునేవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ పన్నెండు కాదు, ఆ దాదాపు 23 గంటల అంకె చెప్పాలి.

8. ఇంటి నుంచి ఇంటికి

ఎయిర్‌పోర్ట్‌కు ముందుగా చేరడానికి మూడు గంటలు, దిగాక ఇమ్మిగ్రేషన్, లగేజీకి కనీసం గంటన్నర వేసుకోండి. డల్లాస్‌లో దిగి ఇంకో ఊరికి వెళ్లాలంటే, అమెరికాలో మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్ అవుతుంది. మామూలుగా లగేజీ కూడా అక్కడే తీసుకుని మళ్లీ ఇవ్వాలి. గంట, గంటన్నర గ్యాప్ ఉన్న కనెక్షన్ చవగ్గా వస్తోందని కొనకండి. వయా అబుదాబి టికెట్లలో ఈ తంతు అబుదాబిలోనే ముగుస్తుంది. కాబట్టి అక్కడ మారడానికి గ్యాప్ ఎక్కువ ఉండేలా చూసుకోవాలి.

తరచూ జరిగే పొరపాట్లు

పశ్చిమ రేఖాంశాన్ని తూర్పుగా వేయడం. స్ప్రెడ్‌షీట్‌లో లెక్కించేవాళ్లు పశ్చిమానికి మైనస్ గుర్తు పెట్టాలి. మర్చిపోతే డల్లాస్ టిబెట్ పీఠభూమి మీదకు వెళ్లిపోయి, దూరం 2,550 కిలోమీటర్లు అని వస్తుంది. ఇంత తేడా వస్తే తెలిసిపోతుంది కానీ, లండన్ లాంటి ఊరికి రేఖాంశం సున్నాకు దగ్గర కాబట్టి తప్పు దాక్కుంటుంది.

డిగ్రీలు, నిమిషాలు కలిపేయడం. 17 డిగ్రీల 14 నిమిషాలు అంటే 17.14 కాదు, 17.23. నిమిషాలను 60తో భాగించాలి.

కాలిక్యులేటర్ రేడియన్ మోడ్‌లో ఉండడం. లెక్క మొదలుపెట్టే ముందు సైన్ 30 కొట్టండి. 0.5 రావాలి. రాకపోతే మోడ్ మార్చండి. ఎక్సెల్‌లో అయితే డిగ్రీలను ముందు రేడియన్లలోకి మార్చాలి.

మైలు, నాటికల్ మైలు, కిలోమీటరు కలగాపులగం. మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852. విమానాల వాళ్లు ఎక్కువగా వాడేది నాటికల్ మైలే.

డైరెక్ట్, నాన్‌స్టాప్ ఒకటే అనుకోవడం. డైరెక్ట్ అంటే ఫ్లైట్ నంబర్ మారదు, అంతే. మధ్యలో ఎక్కడో ఆగొచ్చు. నాన్‌స్టాప్ అని రాసి ఉంటేనే ఆగదు. పాత సమాచారంతోనూ జాగ్రత్త. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, అది నిలవలేదు. దాని గురించిన పేజీలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

లెక్క సరిగ్గా వచ్చిందా?

దూరం 20,000 కిలోమీటర్లు దాటితే ఎక్కడో తప్పు జరిగింది. భూమి చుట్టుకొలత దాదాపు 40,000. ఏ రెండు ఊళ్లైనా అందులో సగానికి మించి దూరం ఉండవు. ప్రస్తుతం నడుస్తున్న అతి పొడవైన నాన్‌స్టాప్ దారుల్లో సింగపూర్–న్యూయార్క్ ఒకటి, 15,349 కిలోమీటర్లు, పద్దెనిమిది గంటలకు పైనే. మీ ఒక్క ముక్క అంతకన్నా పొడవుగా వస్తే మళ్లీ చూడండి.

తర్వాత, పొడవాటి ముక్క దూరాన్ని టికెట్ మీది సమయంతో భాగించండి. గంటకు 700 నుంచి 1,000 మధ్య రావాలి. 400 వచ్చిందంటే మధ్యలో ఆగే సమయం కలిసిపోయినట్టు. 1,300 వచ్చిందంటే గడియారం తేడా మర్చిపోయినట్టు.

అన్నిటికన్నా గట్టి పరీక్ష ఫ్లైట్‌రాడార్24 లాంటి సైట్‌లో ఉంది. మీ ఫ్లైట్ నంబర్ కొట్టి, గత కొన్ని రోజులు అది నిజంగా ఎన్ని గంటలు ఎగిరిందో చూడండి. టికెట్ కన్నా అరగంటో ముప్పావుగంటో తక్కువ కనిపిస్తే భయపడకండి. టికెట్ లెక్క గేటు నుంచి గేటుకు, అక్కడిది టేకాఫ్ నుంచి ల్యాండింగ్‌కు. మీ అంచనాకూ టికెట్‌కూ గంటలోపు తేడా ఉంటే లెక్క బాగున్నట్టే. రెండు గంటలు దాటితే మూసిన గగనతలం వల్ల చుట్టు తిరుగుతోందేమో మ్యాప్‌లో గీత చూడండి.

తిరుగు ప్రయాణంలో తేదీ

టికెట్ మీద చేరే సమయం పక్కన చిన్నగా ప్లస్ 1, ప్లస్ 2 అని ఉంటుంది. దాన్ని చదవకుండా వదిలేయకండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో జనవరి మంగళవారం రాత్రి 9కి బయల్దేరితే, మన దగ్గర అప్పటికే బుధవారం ఉదయం 10:30. ప్రయాణం 22 గంటలైతే గురువారం ఉదయం 8:30కి దిగుతారు. బుధవారమే కారు పంపితే ఖాళీగా తిరిగొస్తుంది.

అర్ధరాత్రి దాటాక దిగే విమానాలతో ఇంకో చిక్కు. శంషాబాద్‌లో 12వ తేదీ 2:30కి దిగుతుంది అంటే 11వ తేదీ రాత్రి భోజనం చేసి ఇంట్లోంచి బయల్దేరాలి. విజయవాడ నుంచి కారులో వచ్చేవాళ్లు 11 సాయంత్రమే కదలాలి. డ్రైవర్‌కు ఫోన్‌లో "12 రాత్రి" అని చెప్పకండి. "11 రాత్రి తెల్లవారితే 12" అని వారం పేరుతో సహా చెప్పి, అతని చేత మళ్లీ చెప్పించుకోండి.